నూట ముప్పై ఏడు

దరఖాస్తు పెట్టిన ఏడేళ్ళకు, ఎనభై ఏడు దసరా ముందు, మా ఇంటికి టెలిఫోను వచ్చింది. వచ్చిన రోజు కొర్లగుంటలో మా వీధి వీధంతా వచ్చి దాన్ని చూసి, కాఫీలు తాగి వెళ్ళింది. మర్నాడు పది గంటలకు మా ఆవిడ పంకజాక్షి రేణిగుంటలోని మా ఆఫీసుకు మొదటి ఫోను చేసింది. నా కష్టాలు అప్పుడే మొదలయ్యాయి.

మాది సిమెంటు పైపుల కంపెనీ. నేను అక్కడ హెడ్ క్లర్కును, పేరు చెంగల్రాయుడు. ఆఫీసు మొత్తానికి ఒకటే ఫోను. నల్లటిది, మేనేజరు కృష్ణమూర్తిగారి బల్ల మీద ఉండేది. అది మోగితే ఆయనే ఎత్తి, విని, నా వైపు చూసి "రాయుడూ, ఇంటినుంచి" అనేవారు. నేను వెళ్ళి ఆయన ఎదుట నిలబడి "ఊ, ఊ, సరే, ఊ" అనేవాణ్ణి. అవతలి మాటలు వినబడకపోయినా ఆ ఊకొట్టడంలోనే హాలంతటికీ విషయం తెలిసిపోయేది.

పంకజాక్షి మంచి మనిషి. మనసులోకి వచ్చిన మాటను సాయంత్రం దాకా ఉంచుకోవడం మాత్రం ఆమె వల్ల కాదు. ఇడ్లీ పిండిలాగా పులిసిపోతుందని భయం.

పదింటికి, "రక్తపోటు మాత్ర ఏసుకున్నారా?"

పన్నెండున్నరకు, "డబ్బా తెరిచినారా? బెండకాయ జిగురుగా ఉండాదా?"

మూడింటికి, "వచ్చేటప్పుడు కరివేపాకు తీసకరాండి."

నాలుగున్నరకు, "కరివేపాకు వద్దు. ఎదురింటోళ్ళు ఇచ్చినారు."

ఒకరోజు నేను హాల్లో లేని సమయంలో ఫోను వస్తే కృష్ణమూర్తిగారే జవాబు చెప్పారట. "ఏసుకున్నాడమ్మా. నేనే సూసినాను. నీళ్ళు కూడా తాగినాడు." ఆ రోజునుంచి టైపిస్టు జయరామ్ నాకు మాత్రల రాయుడని పేరు పెట్టాడు. పెట్టినవాడు ఒక్కడే అయినా పిలిచేవాళ్ళు చాలామంది అయ్యారు.

ఎనభై ఎనిమిది వేసవిలో కంపెనీకి మద్రాసునుంచి కొత్త టెలిఫోను యంత్రం వచ్చింది. బీరువాలో సగం ఉంటుంది. బయటనుంచి రెండు లైన్లు దాంట్లోకి వస్తాయి, లోపలినుంచి అయిదు ఫోన్లకు తీగలు పోతాయి. మేనేజరుకొకటి, నాకొకటి, స్టోరుకు, క్యాంటీనుకు, గేటుకు ఒక్కొక్కటి. బిగించిన ఇంజనీరు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం మా చేతిలో పెట్టి సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోయాడు.

"ఇది నువ్వు సదువు రాయుడూ. నాకు మొదటి పేజీలోనే నిద్రొచ్చింది" అన్నారు కృష్ణమూర్తిగారు.

మూడు రోజులు చదివాను. నలభయ్యో పేజీలో నాకు మోక్షం కనబడింది.

సంగతేమిటంటే, బయటినుంచి ఏ లైనులో పిలుపు వస్తే లోపల ముందు ఏ ఫోను మోగాలి, అక్కడ ఎత్తకపోతే ఎన్నిసార్లు మోగాక ఏ ఫోనుకు పోవాలి, అదీ కాకపోతే మళ్ళీ ఎక్కడికి తిరగాలి, ఇదంతా మనమే యంత్రానికి నేర్పవచ్చు. మేనేజరు ఫోను దగ్గర కూర్చుని ముందు నాలుగంకెల రహస్య సంఖ్య నొక్కాలి. తరవాత మనం ఏ దారి చెబితే పిలుపు ఆ దారిన పోతుంది. ఆ రహస్య సంఖ్య ఆఫీసు మొత్తంలో నాకొక్కడికే తెలుసు.

మా పాత నంబరు ఎనభై నాలుగు. కొత్తగా వచ్చిన లైను నంబరు నూట ముప్పై ఏడు. ఆ నంబరు ఇంకా ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం ఇంటికి పోయి చెప్పులు విప్పకుండానే పని మొదలుపెట్టాను.

"పంకజా, ఇంక నువ్వు పాత నంబరుకు చెయ్యబన్లేదు. నీకోసరమే ఒక లైను పెట్టించినాను. నూట ముప్పై ఏడు."

"నాకోసరమా?"

"నీకోసరమే."

"ఎందుకు?"

దీనికి నేను జవాబు సిద్ధం చేసుకోలేదు. "ప్రేమతో" అన్నాను.

ఆమె దగ్గరికి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "జరమేమీ లేదే" అంది.

మర్నాడు కృష్ణమూర్తిగారు యార్డుకు వెళ్ళినప్పుడు యంత్రానికి పాఠం చెప్పాను. నూట ముప్పై ఏడులో పిలుపు వస్తే ముందు స్టోరులో మోగాలి. స్టోరుకీపరు మునిరామయ్య ఎత్తకపోతే క్యాంటీనులో కుప్పమ్మ దగ్గర మోగాలి. ఆమె కూడా ఎత్తకపోతే గేటు దగ్గర వాచ్‌మన్ చిన్నబ్బ దగ్గరికి పోవాలి. అక్కడినుంచి మళ్ళీ స్టోరుకు. ఈ ప్రదక్షిణంలో నా బల్ల ఎక్కడా లేదు. ముగ్గురినీ పిలిచి, "మా ఇంటినుంచి ఫోనొస్తే సారు యార్డులో ఉండాడని చెప్పండి" అన్నాను. నాలుగు రోజులు తిరిగితే ఆమే విసిగి మానుకుంటుందని నా లెక్క.

మొదటి వారం స్వర్గం. నా బల్ల మీది ఫోను ఎండలో పడుకున్న పిల్లిలాగా కదలలేదు. ఇంటినుంచి తెచ్చిన డబ్బా జయరామ్‌కిచ్చి, నేను క్యాంటీనులో మసాలా వడలు తిన్నాను, పూటకు నాలుగు. ఇంట్లో పంకజాక్షి ఒక్క మాట అడగలేదు. పైగా పని చేసుకుంటూ కూనిరాగాలు తీసేది. అనుమానించవలసింది అక్కడే.

రెండో సోమవారం పది గంటలకు కుప్పమ్మ గ్లాసుడు నీళ్ళతో వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"సారూ, మాత్ర."

"ఏం మాత్ర?"

"మీ సొక్కా ఎడం పక్క జోబీలో ఉండాదంట. అమ్మ చెప్పింది. తీయండి, నేను సూడల్ల."

తీశాను. వేసుకున్నాను. ఆమె చూసింది.

పన్నెండున్నరకు క్యాంటీనుకు పోతే, "మీకు వడలు ఇయ్యగూడదంట. డబ్బాలో బెండకాయ ఉండాదంట" అని గాజు బీరువా తలుపు మూసేసింది. మూడింటికి మునిరామయ్య స్టోరు రిజిస్టరు పట్టుకుని హాలు మధ్యకు వచ్చి గట్టిగా చదివాడు. "కరివేపాకు, రెండు కట్టలు. ఇంగవ, చిన్న డబ్బా ఒకటి." నాలుగున్నరకు మళ్ళీ వచ్చి, "కరివేపాకు రద్దు" అన్నాడు. సాయంత్రం స్కూటరు మీద పోతుంటే చిన్నబ్బ గేటు గొలుసు తియ్యలేదు.

"సార్, ఇంగవ గుర్తుండాదా?"

"ఉండాది. గొలుసు తియ్యి."

"ఏది, కంపెనీ పేరు చెప్పండి."

చెప్పలేకపోయాను. తనే చెప్పి, నా చేత తిరిగి చెప్పించుకుని, అప్పుడు వదిలాడు. ఇంతకుముందు మా ఇంటి సంగతులు హాలు వరకే తెలిసేవి. ఇప్పుడు గేటు దాకా పాకాయి.

మర్నాడు కుప్పమ్మను పక్కకు పిలిచాను. "యార్డులో ఉండాడని చెప్పమంటిని గదా?"

"చెప్పినాను సారూ. పాపం ఎండలో ఉండాడా, సరే, నువ్వెట్లుండావు కుప్పమ్మా అనింది అమ్మ. ఈ కంపెనీలో పదకొండేండ్లుగా వంట చేస్తా ఉండాను. ఆ మాట నన్నెవురూ అడగలేదు."

మెల్లగా మిగతా సంగతులూ తెలిశాయి. చిన్నబ్బ మోకాలి నొప్పికి ఏ నూనె రాయాలో పంకజాక్షి చెప్పిందట. మునిరామయ్య కూతురికి లెక్కలు రావడం లేదంటే ఆదివారాలు మా ఇంటికి పంపమందట. ఆ పిల్ల రెండు ఆదివారాలుగా మా వంటింట్లో కూర్చుని లెక్కలు చేస్తోంది. ఎవరి పిల్ల అని నేను అడగనే లేదు. పైగా పంకజాక్షి ముగ్గురికీ ఫోనులో మాట్లాడటం నేర్పిస్తోంది. ఎత్తగానే నమస్కారం చెప్పాలి, కంపెనీ పేరు చెప్పాలి, అవతలివాళ్ళ పేరు అడగాలి, చెప్పింది రాసుకుని తిరిగి చదవాలి. చదువురాని కుప్పమ్మకు గోడ మీద బొగ్గుతో గుర్తులు పెట్టే పద్ధతి చెప్పింది.

దారి మార్చేస్తే సరిపోయేది. కానీ మారిస్తే పంకజాక్షి మళ్ళీ "ఎందుకు" అంటుంది. ప్రేమ తగ్గిందని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇలా ఉండగా ఒక గురువారం కృష్ణమూర్తిగారు నాకొక కాగితం చూపించారు. కంపెనీ పేరుతో కొత్తగా అచ్చయిన ఉత్తరాల కాగితం. కింద టెలిఫోను నంబరు నూట ముప్పై ఏడు.

"పాతది ఎప్పుడు సూసినా బిజీ గదా. కొత్తది కాళీగా పడుండాదని అదే అచ్చేయించినాను. పోయిన వారమే అందురికీ పంపించేసినాము. పెద్దాయనకు కూడా."

పెద్దాయన అంటే మా యజమాని వేదాచలం మొదలియార్‌గారు, మద్రాసులో ఉంటారు. ఫోను సరిగా ఎత్తలేదని ఒక బ్రాంచి మేనేజరును రాత్రికి రాత్రి నాయుడుపేటకు బదిలీ చేసిన మనిషి. ఇప్పుడాయన ఫోను చేస్తే గేటుకో క్యాంటీనుకో పోతుంది. ఆ దారి వేసినవాణ్ణి నేను.

"సార్, ఒక్క నిమిషం ఆ ఫోను..." అన్నాను. ఆయన అప్పటికే కాంట్రాక్టరుతో ఫోనులో మాటల్లో పడి, ఆగమని చెయ్యి చూపించారు. ఆ ఫోను ఖాళీ అయితేగాని యంత్రానికి కొత్త పాఠం చెప్పలేను. పిలుపొస్తే నేనే ఎత్తుదామని స్టోరుకు పరిగెత్తాను. మునిరామయ్య యార్డులో పైపులు లెక్కపెడుతున్నాడు. అక్కడి ఫోను మోగుతోంది, నేను చెయ్యి చాపేలోపల ఆగిపోయింది. అంటే పిలుపు క్యాంటీనుకు పోయింది. అక్కడికి పరిగెత్తాను. గుమ్మం దగ్గరే కుప్పమ్మ గొంతు వినబడింది.

"నమస్కారం సామీ. రేణిగుంట పైపుల కంపెనీ. ఎవురు సామీ మాట్లాడేది? వేదాచలం. మొదలియార్. ఆ, గుర్తు పెట్టుకున్నాను. మేనేజరుతో మాట్లాడల్లనా? ఆయన ఇంకో ఫోన్లో ఉండాడు, అయిపోతానే మీకు చెయ్యమంటాను. సామీ, మీ గొంతేంది అట్ల బొంగురు పోయుండాది? దగ్గు ఎన్నాళ్ళుగా? మిరియాల చారు పెట్టించుకోండి. తెల్లగడ్డ దంచి ఎయ్యమనండి, తరిగి కాదు."

నేను బియ్యం మూట మీద కూర్చుండిపోయాను. నాయుడుపేటలో అద్దెకు ఇల్లు దొరుకుతుందా అని ఆలోచించాను.

గంట తరవాత కృష్ణమూర్తిగారు నన్ను పిలిపించారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"రాయుడూ, పెద్దాయనతో మాట్లాడినాను. ముప్పై ఏండ్లుగా యాపారం చేస్తా ఉండారంట. ఫోనెత్తినోళ్ళు ఆయన దగ్గును పట్టించుకునింది ఇదే మొదటిసారంట. కాంట్రాక్టర్లు కూడా అంతా అదే మాట. ఎవురయ్యా వీళ్ళకు నేర్పించింది?"

నేను గొంతు సవరించుకున్నాను. ఎవరో ఒకరు ఒప్పుకోవాలి కదా. ఇంతలో కాఫీ తెచ్చిన కుప్పమ్మ నా వెనకనుంచి "పంకజమ్మ" అంది.

కృష్ణమూర్తిగారు వెంటనే మా ఇంటికి ఫోను చేసి పది నిమిషాలు మెచ్చుకున్నారు. తరవాత నా చేత పాత రహస్య సంఖ్య నొక్కించి, నన్ను హాలు బయటకు పంపి, కొత్త సంఖ్య పెట్టుకున్నారు. ఫోన్ల దారి ఉన్నది ఉన్నట్టే ఉండాలని, ఎవరూ ముట్టుకోగూడదని పెద్దాయన ఆజ్ఞ.

"కొత్త నంబరేంది సార్?" అన్నాను, ఊరికే అడిగినట్టు.

"నాకేమీ తోచలేదయ్యా. మీ ఆవిడనే అడిగినాను. మీ ఆయనకు ఎంత ఆలోచించినా తట్టని నంబరొకటి చెప్పమ్మా అన్నాను. అడిగిన నిమిషంలో చెప్పింది."

ఆ సాయంత్రం తల ఎత్తకుండా అన్నం తిన్నాను. పంకజాక్షి నెయ్యి వేసింది.

"నా బల్ల మీద మోగదని నీకెప్పుడు తెలిసింది?" అన్నాను చివరికి.

"మొదటి రోజే. కుప్పమ్మ చెప్పింది."

"కోపం రాలేదా?"

"రాకేం, వచ్చింది. మీకు ఫోను చేసి నాలుగు మాటలందామంటే మీకు కలవదు గదా. కుప్పమ్మతో చెప్పుకున్నాను. తగ్గిపోయింది."

మజ్జిగ పోసుకున్నాను. "అయితే ఆ నంబరేంది?"

"మన పెండ్లి తారీకు."

"ఓహో, అదా" అన్నాను వెంటనే. వెంటనే అనడమే పొరపాటని తరవాత తోచింది. పెళ్ళి ఎండాకాలంలో జరిగింది. గంధం చెమటలో కారిపోవడం గుర్తుంది. మే నెల. పద్నాలుగా, పదిహేనా, ఇరవై నాలుగా? మర్నాడు భోజన విరామంలో మేనేజరు బల్ల దగ్గరికి చేరి మూడు తేదీలు నొక్కి చూశాను. మూడుసార్లూ యంత్రం కీచుమంది.

ఆదివారం పంకజాక్షి చిక్కుళ్ళు తరుగుతుంటే పాత పెట్టె తెరిచి వెదికాను.

"ఏం ఎతకతా ఉండారు?"

"స్కూటరు కాయితాలు."

"అట్లనా. పెండ్లి పత్రికయితే దాంట్లో లేదు. మునిరామయ్యకిచ్చినాను. స్టోర్లో అయితే చెదలు పట్టదంట."

సోమవారం పొద్దున స్టోరుకు వెళ్ళాను. మునిరామయ్య నవ్వలేదు. ఇండెంటు ఫారం ముందుకు తోశాడు. అది నింపకుండా అతను గుండుసూది కూడా ఇవ్వడు. వస్తువు: పెళ్ళి పత్రిక. సంఖ్య: ఒకటి. తీసుకునేవారు: చెంగల్రాయుడు. 'ఏ పనికి' అన్న గడి దగ్గర నా కలం ఆగిపోయింది.

అప్పుడే అతని ఫోను మోగింది. ఎత్తాడు. నమస్కారం చెప్పాడు, కంపెనీ పేరు చెప్పాడు.

"ఈడనే ఉండాడమ్మా. ఫారం రాస్తా ఉండాడు. ఒక గడి కాడ నిలిచిపోయినాడు." కొంచెంసేపు విని, రిసీవరు నాకు అందించాడు.

నెలన్నర తరవాత ఆఫీసు ఫోనులో పంకజాక్షి గొంతు విన్నాను. ఆ గొంతు ఫోనులో బాగుంటుందన్న సంగతి నేనెప్పుడూ గమనించలేదు.

"ఏం రాయల్లో తెలీలేదా?" అంది.

"లేదు."

"గుర్తు పెట్టుకునేదానికి అని రాయండి. ఇమ్మని నేను చెప్తాను."

రాశాను. మునిరామయ్య సంతకం సరిచూసుకుని, బీరువా తెరిచి, పసుపు అంచుల పత్రిక నా చేతిలో పెట్టాడు.

"మద్యాన్నం లోపల తిరిగి ఇచ్చేయల్ల సార్" అన్నాడు.