సన్మానానికి వచ్చిన నర్సు

యుద్ధానికి వెళ్లొచ్చిన బిడ్డలను దేశం ఎన్నటికీ మరువదని సన్మాన సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. (రాని ఇద్దరు సభ్యులు సమావేశం సంగతే మరిచిపోయారు.) ఆ బిడ్డల్లో నర్సులు కూడా ఉంటారని ఎవరో గుర్తుచేయగా, వేదిక మీద చివరి వరుసలో ఒక కుర్చీ వేశారు.

ఆ కుర్చీ మన సిస్టరమ్మది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన నాటి నుంచి ఆమెకు వీధిలో తలెత్తుకు తిరిగే వీలు లేదు. గుడారాల్లో గాయాలకు కట్లు కట్టానంటే నమ్మేవారు లేరు. "అంతమంది మగాళ్ల మధ్య ఏం వెలగబెట్టిందో!" అని సొంత పిన్నే బుగ్గలు నొక్కుకుంది. అందుకే అమ్మ ఆ పిన్నిని పట్టుబట్టి సభకు లాక్కొచ్చి, ముందు వరుసలో కూర్చోబెట్టింది.

"దాని మెడలో పతకం పడనీ, నీ నోరు అదే మూతపడుతుంది," అంది.

సిస్టరమ్మ వేదిక ఎక్కబోతుంటే నిర్వహణాధికారి రొప్పుతూ వచ్చాడు.

"మీరు నర్సే కదమ్మా? బతికించారు! ప్రథమ చికిత్స గదిలో ఎవరూ లేరు. నర్సు లేనిదే సభ మొదలుపెట్టకూడదని రూలు."

"ఇవాళ నాకే సన్మానం సార్."

"సన్మానం ఎక్కడికి పోతుందమ్మా? పేరు పిలవగానే వద్దురుగాని."

(సభ ముగిసేదాకా నర్సు ఆ గది కదలరాదన్నది అదే రూలులో రెండో భాగం. అది చెప్పి ఆమె మనసు కష్టపెట్టడం ఆయనకు ఇష్టం లేకపోయింది.)

అధ్యక్షులవారు నర్సుల త్యాగం గురించి ఎంతసేపు మాట్లాడారంటే, గౌరవసూచకంగా నిలబెట్టిన మాజీ సైనికులు ఒక్కొక్కరే సొమ్మసిల్లి పక్క గదికి చేరారు. సిస్టరమ్మ ఒకరి కాళ్లు ఎత్తిపెడుతూ, ఇంకొకరి మొహం తుడుస్తూ ఆ ప్రసంగం గోడ ఇవతలి నుంచి విన్నది. బాగానే ఉంది. ఎవరో గొప్పవాళ్ల గురించి అనిపించింది.

ఇంతలో మైకులో ఆమె పేరు వినిపించింది. లేవబోతే, గుండెదడతో వచ్చిన ముసలి సిపాయి చెయ్యి పట్టుకున్నాడు.

"వెళ్లకమ్మా. భయంగా ఉంది."

ఆమెకు ఏడుపొచ్చింది. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

"గ్రహీత హాజరు కాలేదు," అని మైకు ప్రకటించింది. "ఇలాంటివారిని కూడా సంఘం పెద్దమనసుతో క్షమిస్తోంది."

అవతల ఒక గొంతు లేచింది. అమ్మది.

"మా అమ్మాయి వచ్చిందండీ! పొద్దున్నుంచీ ఇక్కడే ఉంది!"

నిర్వహణాధికారి ఎంతో దయగా మైకు అందుకున్నాడు.

"పాపం, ఆ పెద్దావిడకు ఒంట్లో బాగున్నట్టు లేదు. ఎవరైనా పక్క గదికి తీసుకెళ్లండి. అక్కడ నర్సు ఉంది."