లోకనాథుని సూదిపోరు

అవధరింపుడు! సముద్రుడు ఒక ఆదివారము ఉదయమున తన మర్యాద మరచి వీధులలోనికి విచ్చేసి, వంటపాత్రలతో సహా సర్వమును పట్టుకొనిపోయిన పిమ్మట వచ్చిన మూడవ వర్షాకాలమున, నీలజలపరివేష్టితమును, నారికేళవనశోభితమును, కరెంటుకోతవిరాజితమును అగు పోర్ట్ బ్లెయిరు నగరమున, చేపల వాసనచే దశదిశలను జయించిన జంగ్లీఘాటు పేటలో మొదలైన ఒక మహాసంగ్రామమును వినిపించెదను. ఇందు ఏనుగులు లేవు, రథములు లేవు. సూది ఒకటి కలదు. కవి ఉన్నదానితోనే సర్దుకొనవలెను.

ఆ పేటలో లోకనాథుడను జాలరి కలడు. అతని తాత శ్రీకాకుళపు తీరము నుండి వచ్చి స్థిరపడినవాడు. సునామీనాడు పొంగుచున్న నీటిలోనికి దూకి, ఊరుపేరు తెలియని ముసలమ్మనొకతెను వీపున మోసికొని గట్టెక్కించిన మహాభుజుడు, తరంగమర్దనుడు, డీజిలుపరిమళశోభితుడు. అట్టి వీరునకు ముల్లోకములలో ఒక్కటే భయము. అది ఇంజక్షను సూది.

ఇట్లుండగా, నీళ్ళు నిలిచిన సందులలో ఎలుకలు పెరిగి, ఏదో వింత జ్వరము పేటను పట్టుకొనెను. పలువురు మంచమెక్కిరి. ఇద్దరు మరల లేవలేదు. ఏ మందు వేయవలెనో వైద్యులకే తెలియకుండెను. అంతట మన ప్రభుత్వమును జపాను ప్రభుత్వమును చేతులు కలిపి ఉమ్మడి పరిశోధన తలపెట్టినవి. రెండు రాజధానులలో సంతకములు జరిగెను, జెండాలు నిలిచెను, జీడిపప్పు పంచబడెను. ఆ సమస్త రాజనీతియు సముద్రములు దాటి వచ్చి వచ్చి, చిట్టచివరకు లోకనాథుని ఎడమ మోచేతి మడత వద్ద ఆగిపోయెను.

ఏలయన, జ్వరమున్నప్పుడు ఒకసారియు, తగ్గిన పిమ్మట మరియొకసారియు నెత్తురు తీసి, రెండింటిని పోల్చిన గాని ఆ జ్వరము గుట్టు తేలదట. అంత తీవ్రముగా జబ్బుపడి బ్రతికినవాడు లోకనాథుడొక్కడే. మొదటిసారి తీసినప్పుడు అతనికి స్పృహ లేదు గనుక వీరోచితముగా సహకరించెను. ఇప్పుడు స్పృహ కలదు. అదియే చిక్కు. పరిశోధకులు మరునాడే విమానమెక్కవలసి యుండెను.

ఆ ఉదయమున డాక్టరు హిమబిందు, అదే నగరమున డైరీ ఫార్మ్ అను పేట పిల్లయే, మంచు నింపిన పెట్టెతో వచ్చి గుమ్మములో నిలిచెను. లోకనాథుడు పెరటి గోడ దూకెను. అతని భార్య తవిటమ్మ, పేటవారితో కూడి ముందునాడే తన నెత్తురిచ్చిన ధీర, నిట్టూర్చి యిట్లనెను:

"అవతలొడ్డుకి, హోప్ టౌన్ పోయుంటాడమ్మా. ఆళ్ళప్ప ఇల్లక్కడే. తుపాన్లో ఎల్లి చేపలట్టుకొత్తాడు గానీ, సూదంటే సంటిపిల్లోడైపోతాడు."

లోకనాథుడు సందులు గొందులు దాటి, రేవు చేరి, ఫెర్రీ ఎక్కి, కూరగాయల బస్తాల చాటున నక్కెను. ఫెర్రీ కదిలెను. అప్పుడతడు మీసము దువ్వి యిట్లు గర్జించెను: "ఓరీ తీక్ష్ణముఖా, లోహాధమా! సప్తసముద్రములు నాకు పెట్టని కోటలై యుండ నీవు నన్నేమి చేయగలవు?" నిజమునకు అతడన్నది "బతికిపోనాను రా బావూ" అని మాత్రమే. తక్కినది నేను కలిపితిని.

ఆ గర్జన ముగియకముందే, బస్తాల ఆవలి వైపున హిమబిందు కనబడెను. అతడు సందుల వెంట వచ్చులోపల ఆమె జీపులో వచ్చి ముందే ఎక్కియుండెను. ఆమె పక్కన మంచుపెట్టె. వెనుకనేమో సముద్రము. ఇట్టి సంకటమునకు తగిన ఉపమానము కొరకు చాలసేపు వెదకితిని గాని దొరకలేదు. క్షమింపుడు. లోకనాథుడు మాత్రము ఆలోచింపలేదు. హోప్ టౌను వరకు ఈదుట అతనికొక లెక్క కాదు. కమ్మీపై నుండి ఒక కాలు ఆవలికి వేసెను.

వేసినవాడు వేసినట్లే నిలిచిపోయెను. ఈవలి వైపున, ఫెర్రీ నేలపై, ఇనుప స్తంభమును రెండు చేతులతో కావిలించుకొని, కన్నులు గట్టిగా మూసికొని, పెదవులు తెల్లబడి, ఒక స్త్రీ కూర్చుండియుండెను. ఆమె తనిగుచి. జపాను నుండి వచ్చిన బృందమునకు పెద్ద. జ్వరములపై దేశదేశములలో పేరు పొందిన శాస్త్రజ్ఞురాలు.

ఆవిడకేమైనదని లోకనాథుడడిగెను. హిమబిందు చెప్పెను. చిన్ననాట ఒక పడవ బోల్తాపడి, తనిగుచి మునిగి తేలినదట. నాటి నుండి నీటిమీదికి రాలేదట. ఈ ద్వీపములకు వచ్చిన పిమ్మట కూడ ఫెర్రీ ఎక్కవలసిన పనులన్నియు ఇతరులకే అప్పగించినదట.

"మరి ఇవాళెందుకెక్కారు?"

"మీ కోసమే అన్నా. ఆ శాంపిల్ దగ్గర తనే ఉండాలంది. వద్దన్నా వినలేదు."

లోకనాథుడు ఒకసారి నీటిని చూచెను, ఒకసారి ఆమెను చూచెను. సిగ్గు అతని చెవుల వరకు ప్రాకెను. ఆవలికి వేసిన కాలును ఈవలికి తీసికొనెను. మహావీరులు ముందుకు వేసిన అడుగులను కవులు పాడిరి. వెనుకకు తీసిన ఈ కాలును పాడు భాగ్యము నాకు దక్కెను.

అతడు ఆమె పక్కన చతికిలబడి, బొబ్బలుగట్టిన తన అరచేతిని చాపెను.

"దీదీ, ఆంఖ్ బంద్ మత్ కరో," అని దీవుల హిందీలో కళ్ళు మూయవద్దనెను. పిమ్మట హిమబిందు వైపు తిరిగి, "సెప్పండి డాక్టరమ్మా. కళ్ళు మూసుకుంటే సముద్రం ఇంకా పెద్దదైపోద్ది. ఆ కొండనే సూడమనండి. కొండ కదల్దు."

హిమబిందు తెలిపెను. తనిగుచి ఒక కన్ను తెరచెను, తరువాత రెండవది. స్తంభమును వదలి ఆ చేతిని పట్టుకొనెను. రేవు వచ్చువరకు వదలలేదు.

హోప్ టౌను రేవులో, రేకుల నీడన, బల్లపై లోకనాథుడు కూర్చుండెను. హిమబిందు పెట్టె తెరచెను. సూది ఎండలో తళుక్కుమనెను. తరంగమర్దనుని మోకాళ్ళు టకటక కొట్టుకొనెను.

"నా మీద నాకే నవ్వొత్తంది డాక్టరమ్మా," అనెనతడు. "సునామీకి బెదర్నేదు. దీనికి కాళ్ళు ఒణుకుతన్నాయి."

తనిగుచికి మాట తెలియదు గాని మోకాళ్ళు తెలిసెను. పక్కకు వచ్చి కూర్చుండి, తన చేతిని చాపెను. లోకనాథుడు దానిని పట్టుకొని మొగము అటు త్రిప్పుకొనెను. అంతట దూది తాకెను, స్పిరిటు చల్లగా ప్రాకెను, సూచికాగ్రము చర్మమును భేదించెను. లోకనాథుడు వేసిన కేకకు రేకులపై కాకులన్నియు లేచిపోయెను. కన్నీరు మీసములపై జలజల రాలెను. శాస్త్రజ్ఞురాలి వ్రేళ్ళు నలిగి ఎర్రబడెను. అయినను ఏ చేయియు ఏ చేతిని వదలలేదు. రాజధానులలో కలిపిన చేతులు నిజముగా కలిసినది అక్కడనే.

అప్పుడే హిమబిందు ఫోను మ్రోగెను. తవిటమ్మ. మొగుడు ఏడ్చినాడా అని అడుగుచుండెను. హిమబిందు అతని మీసముల వైపు చూచి, "లేదక్కా, కదల్లేదు కూడా," అనెను. రెండు ప్రభుత్వముల ఆ మహాపరిశోధన మొత్తములో చోటుచేసికొన్న అసత్యము అదొక్కటే.

ఆ నెత్తురు విమానమెక్కెను. కొంత కాలమునకు, అది ఎలుకల వలన వచ్చు జ్వరమేనని తేలెను. పేరు తెలిసిన జ్వరమునకు మందు వేయుట వైద్యులకు కష్టము కాలేదు. మరుసటి వర్షాకాలమున జంగ్లీఘాటులో మంచమెక్కినవారందరును దిగిరి.

కావున దిక్కులారా, దీవులారా, వినుడు! ఆ దినమున హోప్ టౌను రేవులో లోకనాథుడు చిటికెనవ్రేలంత గొట్టములో సగము వరకు తన నెత్తురు నింపి, మూర్ఛపోకుండ లేచి నిలిచెను. కొంచెము తూలెను. అయినను నిలిచెను.