లాజిక్కు సులభమైన సంవత్సరం

మార్కాపురంలో లాజిక్కు అనే శాస్త్రం ఎప్పటివరకు కష్టంగా ఉండేదో, ఎప్పటినుంచి సులభమైపోయిందో ఇక్కడి పెద్దలు తేదీతో సహా చెప్పగలరు. వెయ్యిన్నీ తొమ్మిదివందల ముప్ఫై ఎనిమిది, జూను నెల, ఒక శుక్రవారం ఉదయం తపాలా వచ్చేదాకా అది కష్టమే. తపాలా సంచీ విప్పిన అరగంటకు సులభమైపోయింది. ఈలోగా పుస్తకంలో అక్షరం మారలేదు. యూనివర్సిటీవారు ఒక్క పాఠమూ తగ్గించలేదు. శాస్త్రాలు ఇలా కూడా మెత్తబడతాయని తెలియని చదువరుల కోసం ఈ వృత్తాంతం.

ఆ రోజుల్లో బడిపంతుళ్లు ఉద్యోగం చేసుకుంటూనే, కాలేజీ గడప తొక్కకుండా, ఇంటర్మీడియట్ పరీక్షకు ప్రైవేటుగా కట్టవచ్చు. ఇంగ్లీషూ తెలుగూ తప్పనివి. వాటి పైన మూడు సబ్జెక్టులు ఎవరికి వారే ఎంచుకోవాలి. సైన్సు కావాలంటే లేబొరేటరీ ఉండాలి. మార్కాపురంలో ఉన్నవి పలకల గనులు. కాబట్టి రెండు చరిత్రలు అందరూ తీసుకునేవారు. మూడోదాని దగ్గరే మనిషి తెలివి బయటపడేది.

ఈ ఎంపికలో అభ్యర్థులకు దారి చూపడానికి వీరరాఘవయ్య శెట్టిగారి బట్టల దుకాణం అరుగు మీద ఒక సంఘం వెలిసింది. పేరు ప్రైవేటు అభ్యర్థుల హితబోధక సంఘం. పాసయినవాళ్లు కర్నూలుకో నంద్యాలకో మంచి ఉద్యోగాలు చూసుకొని వెళ్లిపోయేవారు గనుక, సంఘంలో మిగిలిన సభ్యులందరూ తప్పినవాళ్లే. ఇది లోపమని ఎవరికీ తోచలేదు. ఎవరు ఏ సబ్జెక్టులో తప్పితే ఆ సబ్జెక్టుకు వారే ప్రమాణం. ఎక్కువసార్లు తప్పినవారికి గోడకు ఆనుకొని కూర్చునే హక్కు ఉండేది. ఒకసారి తప్పినవారు అరుగు అంచున కాళ్లు వేలాడేసి కూర్చునేవారు.

అధ్యక్షులు రాధాకృష్ణమూర్తిగారు. శెట్టిగారు పెద్దగా ఉన్న కమిటీ నడిపే స్కూలుకు తొమ్మిదేళ్లుగా తాత్కాలిక హెడ్మాస్టరు. లాజిక్కులో ఏడుసార్లు తప్పిన ఘనత తాలూకా మొత్తం మీద ఆయన ఒక్కరిదే. ఆయన తరువాత చెప్పుకోదగినవారు నరసింహులు పంతులుగారు; చరిత్రలో అయిదుసార్లు.

అదే స్కూల్లో కరుణాకరం ఒకటో తరగతి పంతులు. చర్చి చుట్టూ ఉన్న పాలెం నుంచి వచ్చేవాడు. నాయన జ్ఞానయ్య పలకల గనిలో రాయి కొట్టేవాడు. పాలెం పిల్లలు కూడా చదువుతున్నట్టు చూపితే సర్కారు గ్రాంటు పెరుగుతుందని తెలిసి కమిటీవారు ఉదారబుద్ధితో పిల్లలనూ పంతులునూ కలిపి చేర్చుకున్నారు. పాఠం వరండాలో. ఎండ అక్కడికి పదిన్నరకల్లా వచ్చేది. వాన వస్తే పిల్లలను ఇంటికి పంపేవారు. మార్కాపురంలో వానలు తక్కువ గనుక ఇది చెప్పుకోదగిన ఇబ్బంది కాదని కమిటీ అభిప్రాయం. ఎవరు లోపల కూర్చోవాలి, ఎవరు వరండాలో కూర్చోవాలి అన్నది నిర్ణయించే అధికారం మాత్రం పక్కా హెడ్మాస్టరుకు ఉండేది. తాత్కాలిక హెడ్మాస్టరుకు లేదట; కరుణాకరం అడిగినప్పుడల్లా రాధాకృష్ణమూర్తిగారు అదే చెప్పేవారు.

స్కూలు వార్షికోత్సవంలో శెట్టిగారు ఉపన్యసించారు. "మహాజనులారా! మన మాస్టర్లలో ఎవరు ముందుగా ఇంటర్ పాసవుతారో వారికే పక్కా హెడ్మాస్టరు పదవి! మేము కులం చూడము, మతం చూడము, పాసు చూస్తాము!" చప్పట్లు చాలాసేపు మోగాయి. పాసయ్యేవాడు ఎవడూ లేడని తెలిసినప్పుడు ఇలాంటి ఉపన్యాసాలు చాలా బాగా కుదురుతాయి.

ఆ మాట కరుణాకరం నమ్మాడు. నమ్మి, సలహా కోసం అరుగు దగ్గరికి వచ్చాడు. ఆయన నిలబడే చోటు అరుగు కింద, బజారులో. సలహా పైనుంచి కిందికే పారుతుంది గనుక అదే తగిన చోటని సంఘం భావించింది.

"ఏమిరా కరుణాకరం, నువ్వు గూడ కడతన్నావంటనే?" అన్నారు అధ్యక్షులు.

"అవునయ్యా. మూడోది ఏది తీసుకోవాల్నో తెలీక వచ్చినా."

"ముందు చరిత్ర సంగతి విను," అన్నాడు నరసింహులు పంతులు. "అక్బరు పోయినేడు వచ్చినాడు, ఈయేడు రాడు. ఔరంగజేబు రెండేళ్లుగా మొహం చూపియ్యలే. ఈసారి వచ్చి తీరతాడు. ఆయన ఒక్కణ్ణి చదువుకో, చాలు."

అధ్యక్షులు కళ్లు మూసుకొని తెరిచారు. "మూడోది లాజిక్కు తీసుకో."

"అది చానా కష్టమంట గదయ్యా?"

"కష్టం గనకనే చెప్తున్నా. నువ్వు ఎట్లనూ తప్పేవాడివే. తప్పేదేదో పెద్ద సబ్జెక్టులో తప్పితే మర్యాదగా ఉంటది. తెలుగులో తప్పినోడికి మంచినీళ్లు గూడ ఇయ్యరు. లాజిక్కులో తప్పినానంటే ఎవుడైనా అయ్యో పాపం అంటాడు. నన్ను చూడు."

అందరూ ఆయన్ను చూశారు. నిజమే అనిపించింది.

అధ్యక్షులవారు దయతో తమ పుస్తకమే తెప్పించి అరుగు అంచున పెట్టించారు. కరుణాకరం రెండు చేతులతో తీసుకున్నాడు. ఏడు పరీక్షలు చూసిన ఆ పుస్తకంలో మొదటి ముప్ఫై పేజీలు జిడ్డుపట్టి నల్లగా ఉన్నాయి. ఆ తరువాతి పేజీలు అచ్చాఫీసులో ఎలా మడిచారో అలాగే అంచులు తెగకుండా ఉన్నాయి. ఇంటికి వెళ్లి కత్తిపీట మీద కోసుకోవలసి వచ్చింది.

కోసినంత సులభంగా లోపలికి దిగలేదు. ఇంగ్లీషు ఒక కష్టం, ఇంగ్లీషు వెనకాల ఉన్న సంగతి ఇంకో కష్టం. పేజీ తిప్పితే చాలు, ఎవరో గ్రీసు దేశపు పెద్దమనిషి మనిషి గనుక చనిపోతున్నాడు. నెల రోజులు ఆయన చనిపోతూనే ఉన్నాడు, కరుణాకరానికి ఏమీ తెలియకుండానే ఉంది. బడికి నడుస్తూ చదివాడు, పలక మీద రాసి తుడిచాడు, మళ్లీ రాశాడు. వదిలేద్దామనుకున్న రోజులు వదలకుండా ఉన్న రోజులకంటే ఎక్కువ.

ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన అయి వచ్చాక, భార్య ఎలీషబా చేటలో కొర్రలు చెరుగుతుంటే, పుస్తకంలోని గ్రీసు మనిషిని పక్కనపెట్టి తమ ఇంట్లో పోయిన కోడితో ప్రయత్నించాడు.

"ఇది విను. మన కోడిని ఎత్తుకపోయినోడు ఈ సందులోనే పోయినాడు. పోలయ్య ఈ సందులోనే పోయినాడు. కాబట్టి పోలయ్యే దొంగ. సరేనా?"

ఎలీషబా చేట ఆపలేదు. "బాగుందయ్యా నీ చదువు. ఈ సందులో నేనూ పోయినా. పాస్టరయ్య గూడ పోయినాడు. మేమిద్దరం కోడి దొంగలమేనా?"

కరుణాకరం పుస్తకం మూసేశాడు. పన్నెండు పేజీల ఇంగ్లీషులో ఉన్న అధ్యాయమంతా అదే. ఎలీషబా రెండు చెరుగుల మధ్య చెప్పేసి, "పోలయ్యతో ఈ మాట అనబాక, తంతాడు," అని కూడా చేర్చింది. ఆ రెండో ముక్క పుస్తకంలో లేదు.

ఆ తరువాత ఆయనకు ఒక గొప్ప సత్యం తెలిసింది. సైన్సుకున్నట్టే లాజిక్కుకూ లేబొరేటరీ ఉంది. అది మార్కాపురంలోనే, శెట్టిగారి అరుగు మీదే ఉంది. రోజూ సాయంత్రం బడి వదలగానే వెళ్లి కింద నిలబడేవాడు. "కంభం చెరువు నిండిన ఏడు నేను రెండే మార్కుల్లో తప్పినా, చెరువుకీ మార్కులకీ ఏదో ఉంది" అని నరసింహులు పంతులు అంటే, అది ఆరో అధ్యాయం. "మా తాత అన్నాడు గనక అంతే" అంటే తొమ్మిదో అధ్యాయం. "నువ్వెవడివిరా అడిగేదానికి" అన్నది పుస్తకంలో అరపేజీయే ఉన్నా, అరుగు మీద అన్నిటికంటే ఎక్కువ వాడుకలో ఉండేది. పుస్తకంలో పదమూడు రకాల తప్పు వాదాలుంటే, పన్నెండు అరుగు మీదే దొరికాయి. పదమూడోది చర్చి కమిటీలో దొరికింది. నోరెత్తకుండా వింటాడని సంఘంవారు ఆయన వినయాన్ని మెచ్చుకునేవారు.

మార్చిలో అందరూ ఒకే రైలెక్కి, ద్రోణాచలంలో బండి మారి, కర్నూలు వెళ్లి పరీక్ష రాశారు. ఔరంగజేబు రాలేదు. అక్బరు వచ్చాడు. లాజిక్కు పేపర్లో తప్పు వాదాలకు ఉదాహరణలివ్వమన్నారు. కరుణాకరం పేర్లు మార్చి అరుగునంతా దించేశాడు. అదనపు కాగితాలు మూడుసార్లు అడిగాడు.

జూనులో ఆ శుక్రవారం తపాలాలో వచ్చిన పేపర్లో పాసయినవాళ్ల నంబర్లు పడ్డాయి. కరుణాకరం నంబరు ఉంది. అధ్యక్షులవారిది లేదు. నరసింహులు పంతులుది లేదు. అరగంటసేపు ఆ పేపరు అరుగు మీద చేతులు మారుతూనే ఉంది. శెట్టిగారు గజంబద్ద చేత్తో పట్టుకొని బట్ట కొలవడం మరిచిపోయారు. కరుణాకరం మడిచిన పేపరుతో వచ్చి తన చోట నిలబడేసరికి అత్యవసర సమావేశం మొదలైంది. అధ్యక్షులు లేచి నిలబడ్డారు.

"సోదరులారా! మనం మోసపోయినాము. లాజిక్కు కష్టమైన సబ్జెక్టే అయితే కరుణాకరం పాసవుతాడా? పాసయినాడు. కాబట్టి లాజిక్కు కష్టం కాదు. యూనివర్సిటీవాళ్లు మనకు చెప్పకుండా దాన్ని తేలిక చేసి పారేసినారు!"

"అంత తేలికైతే తమరు..." అని అరుగు అంచున కూర్చున్న ఒక కొత్త సభ్యుడు మొదలుపెట్టాడు.

"తేలికైన సబ్జెక్టు మీద నాకు మనసు నిలవదు," అన్నారు అధ్యక్షులు.

విద్యాప్రమాణాలు పడిపోతున్నందుకు విచారం తెలుపుతూ తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించి, యూనివర్సిటీ రిజిస్ట్రారుగారికి మహజరు పంపాలని నిశ్చయించారు.

కింద నిలబడ్డ కరుణాకరం అలవాటు కొద్దీ అధ్యక్షులవారి వాదాన్ని పదమూడు రకాల తప్పులతోనూ ఒక్కొక్కటిగా పోల్చి చూశాడు. ఏదీ సరిపోలేదు. వాదం రూపంలో నిర్దోషంగా ఉంది. రూపం సరిగా ఉన్నప్పుడు మొదటి వాక్యాన్ని పరీక్షించాలని పుస్తకం చెప్పింది.

"అయ్యా, మొదటి మాటకు రుజువేంది?" అన్నాడు.

"ఏ మాట?"

"కష్టమైతే నేను పాసుగానన్న మాట."

అరుగంతా పగలబడి నవ్వింది. శెట్టిగారు కళ్లు తుడుచుకున్నారు. "దానికి రుజువేందిరా పిచ్చోడా! అది అందరికీ తెలిసిందే గదా!"

నవ్వు ఆగాక శెట్టిగారు కమిటీ నిర్ణయం అక్కడికక్కడే ప్రకటించారు. "అప్పుడూ మేము కులం చూడలేదు, ఇప్పుడూ చూడము. మేము చూసేది స్థాయి. పరీక్ష తేలికైనప్పుడు పదవికి అర్హత పెంచక తప్పదు. ఇకమీదట హెడ్మాస్టరుకు బి.ఎ. ఉండాలి. అంతదాకా మూర్తిగారే తాత్కాలికంగా. నువ్వు గూడ బి.ఎ.కి కట్టు నాయనా. ఏ సబ్జెక్టు తీసుకోవాల్నో సంఘం చెప్తది."

కరుణాకరం ఇంటికి వెళ్లి సంగతి చెప్పాడు. ఎలీషబా ఒక్కటే అడిగింది.

"మరి పిల్లోళ్లు లోపల కూచునేది ఎప్పుడు?"

"నేను బి.ఎ. పాసయినాక."

"ఏం లాభంలే. నువ్వు పాసయితే అది గూడ తేలికైపోతది."

మరుసటి వారం వాన పడింది. వరండా పిల్లలను పదిన్నరకే ఇంటికి పంపారు.

చదువరులు గమనించే ఉంటారు, మొదటి వాక్యానికి రుజువు అడిగినవాడు ఆ రోజు మార్కాపురంలో ఒక్కడే. మీరూ అడగలేదు. అధ్యక్షులవారు ఆ మాట అన్నప్పుడు దాని అర్థం మీకు ఎవరూ విప్పి చెప్పనక్కర లేకపోయింది. చదువుకుంటూ ముందుకు వచ్చేశారు. అందులో మీ తప్పు లేదు. ఆ ఒక్క సబ్జెక్టులో మనమందరమూ పుస్తకం తెరవకుండా, కర్నూలు వెళ్లకుండా, మొదటిసారికే పాసయినవాళ్లం.