ఎర్రటి ఎండలో ఆరు గొడుగులు

టైలర్ గారు తన నడక ప్యాంటుకి వెనక కుట్లు విప్పి, రెండంగుళాలు వదులు చేస్తుండగా భార్య కంట పడ్డారు.

"ఆపరేషన్ అయ్యాక ఆరు కిలోలు తగ్గారు. ప్యాంటు ఎవరి కోసం పెంచుతున్నారు?"

"గాలాడాలి కదే. ఎండలు ఎలా మండిపోతున్నాయో చూడు."

"గాలికి దారి అంత వెనకాలే ఎందుకండీ?"

నలభై ఏళ్లు ఊరందరి నడుములూ కొలిచిన మనిషికి ఆ ప్రశ్నకి కొలత దొరకలేదు. ఎక్కి ఉన్న దారాన్నే మళ్లీ సూదిలోకి ఎక్కిస్తూ కూర్చున్నారు. ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు. ఆ కంగారులో పక్కా కుట్టు వేయకుండా, చేత్తో నాలుగు కచ్చా కుట్లు వేసి ప్యాంటు మడిచేశారు.

అసలు సంగతి ఇది. రెండు నెలల క్రితం ఆయనకి ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. అది బాగానే జరిగింది కానీ, కుళాయి కట్టేశాక కూడా కారడం మొదలైంది. తుమ్మితే ఒక బొట్టు, నవ్వితే రెండు, మెట్లెక్కితే చెప్పలేం. "చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. అప్పటిదాకా ప్యాడ్ వాడండి. నడక మాత్రం మానకండి" అంది డాక్టరమ్మ.

ఈ మాట ఆయన ఇంట్లో చెప్పలేదు. జలుబు చేసిందని ఒకసారి వారం రోజులు గడప దాటనివ్వలేదు ఆవిడ. ఇది తెలిస్తే మంచానికే కట్టేస్తుందని భయం. దుకాణం మూసేశాక ఆయనకి మిగిలిన హోదా ఒక్కటే. ఆరుగురు పెద్దవాళ్ల నడక జట్టుకి ఆయన కెప్టెన్. వచ్చే ఆదివారం పక్క కాలనీ జట్టుతో పోటీ. మైదానం చుట్టూ పది రౌండ్లు.

ఇంట్లో దాచడం ఒక ఎత్తు, మందుల షాపులో దాచడం ఇంకో ఎత్తు. షాపు ఆయన్ని అందరూ మైకు అంటారు. ఆయన గుసగుసలాడితే రోడ్డుకి అటుపక్క బస్సు కోసం నిలబడ్డవాళ్లు తల తిప్పి చూస్తారు.

"పెద్దవాళ్ల డైపర్లా? మీకేనా? నడుమెంత?" అని మొదటిరోజు అరవగానే, టైలర్ గారు కౌంటరు మీదికి వంగి ఆయన నోరు మూసేశారు.

"మెల్లగా! దానికి ఇంకో పేరు పెట్టు నాయనా. గొడుగు అను."

"గొడుగా?"

"తడవకుండా కాపాడేదేగా!"

మైకు కళ్లు మెరిశాయి. "అబ్బ, ఏం మాటండీ! ఇలాంటి మాట కోసమే ఇన్నాళ్లుగా చూస్తున్నాను."

పేరు కుదిరింది కానీ ఎండ కుదరనివ్వలేదు. ఒకటి చాలదేమోనన్న భయంతో ఒకదాని మీద ఒకటి రెండేసి తొడిగారు. పైగా నీళ్లు తాగడం తగ్గించారు. రెండు రోజులకే లోపల చెమటకాయలు పేలి, కాళ్లు ఎడంగా పెట్టి నడవాల్సి వచ్చింది.

"ఏంటండీ ఆ నడక? ఇప్పుడే గుర్రం దిగి వస్తున్నట్టు?"

"పోటీకి కొత్త అడుగు నేర్చుకుంటున్నా."

మర్నాడు టేబుల్ ఫ్యాను నేలమీద పెట్టి, దానికి వీపు తిప్పి వంగి నిలబడ్డప్పుడు కూడా ఆవిడ వచ్చింది. ఆ ఇంట్లో ఆవిడ రాని గది లేదు.

"ఫ్యాను మీకా, ప్యాంటుకా?"

"దువ్వెన పడిపోయింది. వెతుకుతున్నా."

"దువ్వెనా?" అని ఆవిడ ఆయన నున్నటి తలకేసి చూసి వెళ్లిపోయింది.

అంతలో ఫోను మోగింది. ఆవిడే తీసింది. మైకు గొంతు ఇల్లంతా వినిపించింది. "అమ్మా, టైలర్ గారి గొడుగు వచ్చిందని చెప్పండి!"

"చుక్క వాన లేదు. వారానికో గొడుగు ఏం చేసుకుంటున్నారండీ?"

"ఎండకే! గుడ్డ నాసిరకం. వెలిసిపోతోంది."

"అలాగా!" అని ఒక్క మాట అని ఆవిడ వంటింట్లోకి పోయింది. అక్కడ ఏదో గిన్నె నవ్వినట్టుగా కిందపడింది.

ఆదివారం పొద్దున ఎనిమిదికే మైదానం పెనంలా కాలుతోంది. పక్క కాలనీవాళ్లు నడక అయ్యాక కూర్చోడానికి గొడుగులు పాతి నీడ చేసుకున్నారు. మన జట్టులోని హెడ్మాస్టారు అది చూసి ఉడుక్కున్నాడు.

"కెప్టెన్, మనకి ఒక్క గొడుగైనా లేదేం?"

నీళ్ల సీసాలు పట్టుకొచ్చిన ఆవిడ ఊరుకోవచ్చుగా! "మా ఆయనకి గొడుగులకేం తక్కువ మాస్టారూ? మైకు దగ్గర వారానికోటి కొంటారు."

టైలర్ గారి నోరు పెగిలేలోపు "మందుల షాపులో గొడుగులు కూడా అమ్ముతున్నాడా!" అంటూ మాస్టారు ఫోను తీశాడు. "మైకూ! టైలర్ గారి పేరు మీద గొడుగులు ఆరు మైదానానికి పంపు. అర్జెంటు!"

"ఆరా? ఒక్కసారే?" ఫోనులోంచి మైకు గొంతు అందరికీ వినిపించింది.

"ఆరుగురం ఉన్నామయ్యా. ఒక్క గొడుగులో అందరం దూరతామా?"

"అమ్మో, దూరలేరు! సైజు?"

"పెద్దదే. ఏ పక్కా బయటికి కనిపించకుండా కప్పేయాలి."

"మాస్టారూ, వద్దు!" అని టైలర్ గారు చెయ్యి చాపేసరికి విజిల్ మోగింది. జట్టు కదిలింది. కెప్టెన్ ఆగితే జట్టే ఆగిపోతుంది.

మూడో రౌండుకి గొంతు ఎండిపోయింది. లోపల రెండు పొరలూ ఆవిరి పడుతున్నాయి. నాలుగో రౌండులో మైకు స్కూటరు గేట్లోకి వచ్చింది. దాన్ని ఆపాలని టైలర్ గారు వరస తప్పి పరుగెత్తారు. తలమీది కెప్టెన్ టోపీ ఎగిరి పడింది. నాలుగు కచ్చా కుట్లు నాలుగడుగులకి తెగాయి. ప్యాంటు వెనక కిటికీలా తెరుచుకుంది. అయిదో అడుగుకి భార్య తువ్వాలు చుట్టేసింది. ఆవిడ అక్కడికి ఎప్పుడొచ్చిందో దేవుడికే తెలియాలి.

"కెప్టెన్ గారూ! పెద్ద సైజు గొడుగులు! ఆరు ప్యాకెట్లు!" మైదానం రెండు చివరలా వినిపించింది.

నడిచేవాళ్లంతా ఆగిపోయారు. మాస్టారు ఒక ప్యాకెట్ చించి, ఒకటి బయటికి లాగి, ఎండలో ఎత్తిపట్టి చూశాడు.

"ఇదేం గొడుగయ్యా? పిడి ఏదీ?"

టైలర్ గారు నేల ఎక్కడైనా చీలుతుందేమోనని వెతికారు.

అప్పుడు, ముప్పై ఏళ్లు లారీ నడిపిన, మన జట్టులోని ఆరడుగుల డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "ఈ పెద్దది నాకొద్దు మైకూ, ఎండకి ఉడికిపోతాం. నాకు ఇచ్చే పల్చది తేలేదా?" అనేసి నాలిక కరుచుకున్నాడు.

"మా కాలనీలోనూ గొడుగే అంటారు" అన్నాడు అవతలి కెప్టెన్, ఎటో చూస్తూ.

"ఊళ్లో అందరికీ అదే పేరు చెప్పానండీ!" అన్నాడు మైకు గర్వంగా. "పెట్టింది మాత్రం టైలర్ గారు."

మాస్టారు చుట్టూ చూశాడు. "అయితే ఇన్నాళ్లూ తడుస్తున్నది నేనొక్కణ్ణేనా?" అని, చించిన ప్యాకెట్ మెల్లగా సంచిలో వేసుకున్నాడు.

ఆవిడ నీళ్ల సీసా అందించింది. "తాగండి."

"తాగితే మళ్లీ..."

"తాగకపోతే మంట ఇంకా ఎక్కువవుతుంది. దగ్గితే నాకు పదేళ్లుగా ఇదే తంతు. ఒక్కరోజు నడక మానానా? నాది మడత గొడుగు. పల్చగా ఉంటుంది, చేతిసంచిలో పడుతుంది. తడిస్తే వెంటనే మార్చుకోవాలి, అంతే."

"నీకు... ముందే తెలుసా?"

"మైకుని అడిగా, ఇంత మంచి పేరు ఎవరు పెట్టారని." సంచిలోంచి ఒక పల్చటి ప్యాడూ, మడతపెట్టిన నూలు ప్యాంటూ తీసి చేతిలో పెట్టింది. "వెనక ఒక్క అంగుళమే వదిలా. ఒకటే వేసుకుంటారుగా."

"నడక మాన్పించవా?"

"మాన్పిస్తే పగలంతా ఇంట్లో మిమ్మల్ని ఎవరు భరిస్తారు? త్వరగా మార్చుకుని రండి."

గేటు పక్క గదిలో మార్చుకుని, గాలి తగిలిన ప్రాణంతో టైలర్ గారు బయటికి వచ్చేసరికి పోటీ మళ్లీ మొదలైపోయింది. జట్టు ముందు ఆయన టోపీ నడుస్తోంది. దాని కింద ఆయన భార్య ఉంది.

"అమ్మగారూ! మీ మడత గొడుగులు కూడా తెచ్చాను!" అని అరిచాడు మైకు.

"బెంచీ మీద పెట్టు బాబూ!" అని ఆవిడ అడుగు తప్పకుండా చెయ్యి ఊపింది. ఒక్కడూ నవ్వలేదు.

టైలర్ గారు బెంచీ మీద ప్యాకెట్లకి కాపలా కూర్చుని, చేతిలోని సీసా నీళ్లన్నీ తాగేశారు. తర్వాత చెయ్యి వెనక్కి పెట్టి, ఆ కొత్త కుట్టుని ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి చూశారు. ఎక్కడైనా వంకర దొరక్కపోతుందా అని.

దొరకలేదు.