పర్వతాలు సుత్తె, విమలమ్మ గాజులు

సీతాఫల్‌మండిలో రైలు పట్టాలను ఆనుకున్న గల్లీలో, ఒక బుధవారం పొద్దున పర్వతాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా కారు స్టీరింగ్ ఎందుకు వణుకుతోందో కనిపెట్టడం, పదింటికి స్నానం, పన్నెండింటికి పప్పుచారు.

కారంటే ఆషామాషీ కారు కాదు. తొంభైల నాటి ఎర్రటి స్పోర్ట్స్ కారు. ఉన్నవి రెండే సీట్లు. కంటోన్మెంట్‌లో ఒక మిలిటరీ ఆఫీసరు బంగళా వెనక, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న దాన్ని తెచ్చి, కోళ్లను ఒప్పించి, నాలుగేళ్లు కూర్చుని నడిచేలా చేశాడు పర్వతాలు. అలాంటిది వారం నుంచి అరవై స్పీడు దాటితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు స్టీరింగ్ వణుకుతోంది. పక్క సీట్లో భార్య విమలమ్మ చేతుల గాజులు రెండు డజన్లూ పెళ్లి బ్యాండులా మోగుతున్నాయి.

ఆవిడ తీర్పు ముందే చెప్పేసింది.

"ఆదివారం మేడ్చల్ల మా అక్కింటికి తోల్కపోవాలె. దారిల నా గాజులు మోగినయంటే, ఆ ఎర్రదాన్ని ఓంప్రకాశ్‌కు అమ్ముడే. మాట ఇయ్యి."

ఎదురింటి ఓంప్రకాశ్ రెండేళ్లుగా ఆ కారును పెళ్లిచూపులకు వచ్చినట్టు చూసిపోతున్నాడు.

"మోగవు," అన్నాడు పర్వతాలు. "రైల్వేల ముప్ఫై రెండేండ్లు చక్రాలే చూసిన. చక్రం నాతోని మాట్లాడతది."

అబద్ధం కాదు. ఆగిన రైలు పక్కన నడుస్తూ, పొడుగు పిడి సుత్తెతో ఒక్కో చక్రాన్నీ కొట్టి, మోతను బట్టి పగులుందో లేదో చెప్పడమే ఆయన ఉద్యోగం. గంటలా మోగితే మంచి చక్రం. మూగగా పలికితే చెడ్డది. రిటైరైన నాడు శాలువాతో పాటు ఆ సుత్తెనూ ఇచ్చి పంపారు. ఆ చెవికి చక్రం పోయిన ఊళ్ల పేర్లు కూడా వినిపిస్తాయని తోటివాళ్లు చెప్పుకునేవారు. ఆయనా కాదనేవాడు కాదు.

సుత్తె తెచ్చి ముందు చక్రాల రిమ్ముల మీద చుట్టూ నాలుగేసి దెబ్బలు వేశాడు. మోత మూగగా ఉన్నట్టే అనిపించింది. మరి మంచి కారు చక్రం ఎలా మోగుతుంది? పోల్చి చూడందే తేలదు. గల్లీ దాటి, ఓంప్రకాశ్ కొన్న కొత్త కారు దగ్గరికి వెళ్లాడు.

"ఓంప్రకాశ్, జెర నీ చక్రాలు కొట్టి చూస్తనయ్యా."

"కొట్టు అన్నా, బేఫికర్! నీ చెయ్యి పడితే మా బండి సుత సెట్ అయితది," అన్నాడు ఓంప్రకాశ్, కన్ను మాత్రం ఎర్ర కారు మీదే ఉంచి.

గురువారం స్టీరింగ్ యాభైకే వణికింది. పర్వతాలు పట్టుదల మనిషి. స్టీరింగ్ కీళ్లన్నీ కొత్తవి బిగించి, కుదిరాయో లేదోనని సుత్తెతో కొట్టి చూశాడు. శుక్రవారం నలభైకే వణికింది. బేరింగులు విప్పి, గ్రీజు పెట్టి, మళ్లీ కొట్టాడు. శనివారానికి ముప్ఫై దాటితే పెట్టుడు పళ్లు ఒకదానితో ఒకటి గొడవపడుతున్నాయి. ఈ కారు పోతే పొద్దున లేచి తాను మాట్లాడేది ఎవరితో?

విమలమ్మకు మాత్రం ఆ వారం బాగా కలిసొచ్చింది. లోకల్ రైలు పోయినప్పుడల్లా వంటింటి కిటికీ పర్దా ఎగిరొచ్చి పప్పుచారులో మునిగేది. గురువారం వాకిలి ఊడుస్తుంటే ఆవిడకు క్లిప్పులున్న సీసపు ముక్కలు దొరికాయి. చీపురు పట్టుకుంటే గల్లీ అవతలి దాకా ఊడ్చే అలవాటు ఆవిడది. అక్కడ జిగురున్నవి దొరికాయి. అన్నీ తెచ్చి పర్దా అంచుకు తగిలించింది. రోజుకు రెండు మూడు కొత్తవి దొరుకుతూనే ఉన్నాయి.

"పర్దా ఎగుర్తలేదేంది?" అన్నాడు పర్వతాలు నీరసంగా.

"నీ కారు లెక్క కాదు. అది చెప్పినట్టు ఇంటది."

ఆ సాయంత్రం ఆయన పౌరుషం చంపుకుని బోయిన్‌పల్లిలో రోనాల్డ్ షెడ్డుకు బయల్దేరాడు. కారు చివరి చూపు చూద్దామని విమలమ్మా ఎక్కింది. పాత కార్ల వైద్యుడు రోనాల్డ్ చక్రం ముందు ఒక్క నిమిషం కూర్చుని లేచాడు.

"ఏం మ్యాన్, వెయిట్లు ఏవి? చక్రం సమంగా తిరగాలని రిమ్ముకు సీసం ముక్కలు బిగిస్తాం కదా. ఒక్కటీ లేదు!"

తర్వాత రిమ్ము లోపలి నుంచి దోసెడు ఎండిన బురద గీకి చూపించాడు. "ఫస్ట్ వణికించింది ఇదే. బకెట్ నీళ్లతో కడిగితే పోయేది. అంచులకు ఈ దెబ్బలేంటి?"

పర్వతాలు ఒళ్లో సుత్తె పెట్టుకుని నేల చూశాడు.

"ఇది రైలు చక్రం కాదు మ్యాన్!"

విమలమ్మ మెల్లగా అడిగింది. "ఆ ముక్కలకు క్లిప్పులు ఉంటయా తమ్మీ?"

"మీ కారువైతే క్లిప్పులే అమ్మా."

"మరి జిగురువి?"

"అవి కొత్త కార్లకు."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆదివారం మేడ్చల్ రోడ్డు మీద, రోనాల్డ్ కొత్తగా బిగించిన వెయిట్లతో ఎర్ర కారు అరవై దాటింది, డెబ్బై దాటింది. పర్వతాలు రోడ్డు చూడలేదు, గాజులు విన్నాడు. ఒక్కటి కూడా పలకలేదు. ఓడిపోయానని నమ్మలేక విమలమ్మే ఒకసారి చెయ్యి విదిలించి మోగించి చూసుకుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఓంప్రకాశ్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు.

"అన్నా, నీ ఎర్ర కారు నువ్వే ఉంచుకో. నా కొత్త బండికే దిక్కు లేదు! బుధవారం సంది స్టీరింగ్ ఒకటే వణుకుడు. పరేషాన్ అయితున్న. జెర నీ సుత్తె తెచ్చి ఇంకోసారి గట్టిగ కొట్టి చూడరాదే!"

పర్వతాలు గొంతు సవరించుకున్నాడు. "సుత్తె వద్దు తమ్మీ. రోనాల్డ్ దగ్గరికి పోదాం. ఖర్చు నాది."

"ఎందుకన్నా నీకంత తక్లీఫ్? నీ అసుంటి మనిషి దొరకడు," అని ఓంప్రకాశ్ ఆయన చేతులు పట్టుకున్నాడు.

అంతలో లోకల్ రైలు వచ్చింది. గల్లీలో ప్రతి కిటికీ పర్దా ఎగిరింది, ఒక్కటి తప్ప.

విమలమ్మ లోపలికి వెళ్లి, చప్పుడు కాకుండా ఆ కిటికీ మూసింది.