పన్నెండో పేరు

సోమవారం పొద్దున నవనీత పెట్టుకున్న పని చిన్నది. ఆరింటికి ప్రాక్టీసు, ఏడింటికి చాయ్, తొమ్మిదిలోపు నాలుగు పేజీల చరిత్ర, పదింటికి దాన్ని ఆఫీసులో ఇచ్చి రావడం. చరిత్ర అంటే యూనివర్సిటీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీముది. కోర్టు స్థలాన్ని కార్ల పార్కింగుకు తీసుకుంటున్నామని, కాదనేవాళ్ళు ఆ టీముకు చరిత్రంటూ ఒకటి ఉన్నట్టు రుజువు చూపాలని స్పోర్ట్స్ డైరెక్టర్ రాఘవేంద్ర నోటీసు అంటించాడు. మగపిల్లల క్రికెట్ మైదానాన్ని మాత్రం నీ చరిత్రేంటని ఎవడూ అడగలేదు. నవనీత టీము కెప్టెన్. కోర్టు పోతే టీము పోతుంది. అంతే సంగతి.

చరిత్ర రాయడానికి ఉన్నదల్లా ట్రంకుపెట్టెడు పాత టీమ్ లిస్టులు. వాటి లోగుట్టు తెలిసిన మనిషి కోచ్ బిక్షపతి ఒక్కడే. ఆయన చెల్లెలి గృహప్రవేశమని మౌలాలి పోయి ఫోను ఆపేసుకున్నాడు. నవనీత, టీములోనే ఆడే పూజ కూర్చుని లిస్టులు తిరగేశారు. ఒక పేరు దగ్గర నవనీత వేలు ఆగింది. బి. సాలమ్మ, తార్నాక. 2001లో ఉంది, 2010లో ఉంది, 2021లోనూ ఉంది. ప్రతి ఏడాదీ పన్నెండో పేరు ఆమెదే. మొదట బి.ఏ., తర్వాత ఎం.ఏ., చివరి పదేళ్ళు పిహెచ్.డి.

"ఇరవై ఏండ్లు చదువుడేందే?" అంది పూజ.

"మా హాస్టల్ల పై అంతస్తు అక్క పదిహేనేండ్ల సంది థీసిస్ రాస్తలేదా?" అంది నవనీత. ఈ క్యాంపస్‌లో అది వింత కాదు. ఇరవై ఏళ్ళు టీముకు వెన్నెముకగా నిలిచిన మహాక్రీడాకారిణి అని నాలుగో పేజీ నిండా రాసి పారేసింది.

రాఘవేంద్ర ఆ పేజీ రెండుసార్లు చదివాడు. ప్రతి లిస్టు కింద సంతకం ఆయనదే. ఏ ఒక్కటీ చదివి పెట్టింది కాదు.

"ఇంత పెద్ద ప్లేయర్ ఉంటే నాకు ఎవరూ చెప్పలేదేమప్పా? ఎల్లుండి పార్కింగ్ శంకుస్థాపనకు వైస్ ఛాన్సలర్ వస్తాండారు. అదే స్టేజీ మీద ఆమెకు శాలువా కప్పేద్దాం. చరిత్రను గౌరవించినట్టు ఉంటాది, పార్కింగూ అయిపోతాది."

నవనీతకు ఒళ్ళు మండింది. కోర్టును నిలబెట్టడానికి రాసిన కాగితాన్ని పట్టుకుని కోర్టుకే సమాధి కడుతున్నాడు. మండింది గానీ దారి కూడా కనబడింది. అంత గొప్ప ప్లేయర్ మైకు పట్టుకుని కోర్టు ముట్టుకోవద్దంటే ఎవడు కాదంటాడు? సాయంత్రానికి తార్నాక చౌరస్తాలో 'బాస్కెట్‌బాల్ మహారాణి సాలమ్మ గారికి ఘన స్వాగతం' అని ఫ్లెక్సీ లేచింది. ఫోటో దొరక్క ఎవరో విదేశీ అమ్మాయి గాల్లో ఎగురుతున్న బొమ్మ వేశారు. దాని కింది నుంచే నడిచి నవనీత లిస్టులో ఉన్న ఇంటి నంబరు వెతుక్కుంటూ పోయి తలుపు కొట్టింది.

తలుపు తీసింది కోర్టు ఊడ్చే పెద్దమ్మ.

"పెద్దమ్మా, నువ్వు గీడ ఉంటవా? గీ ఇంట్ల సాలమ్మ అని పెద్ద ప్లేయర్ ఉన్నదట గద?"

"సాలమ్మను నేనే బిడ్డా. ప్లేయరేంది?"

మూడేళ్ళుగా రోజూ పొద్దున్నే ఎదురుపడే మనిషి. పెద్దమ్మా అని పిలవడమే తప్ప నీ పేరేమిటని టీములో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఆడపిల్లల హక్కుల మీద ఊరేగింపులు తీసే నవనీత కూడా.

"ఆడపోరగాండ్లు ఏడాదికి ఏడుగురో ఎనమండుగురో వస్తుండిరి," అని సాలమ్మ చెప్పింది. "పన్నెండు పేర్లు లేకుంటే టీమే లేదంటరట. బిక్షపతి సారు ఆమె చెల్లె పేరు, ఈమె అక్క పేరు రాసేటోడు. ఆఖరికి ఒకటి తక్కువైతే నీ పేరు రాస్త సాలమ్మా అన్నడు. పేరే గద, రాసుకో అన్న."

"నిన్ను పిహెచ్.డి. దాక చదివిచ్చిండు పెద్దమ్మా."

"అదేంది, రోగమా?"

నవనీత తల పట్టుకుంది. "ఎల్లుండి స్టేజీ మీద నవ్వుకుంట కూసో. మైకు ఇస్తే తీసుకోకు. నీ కాళ్ళు మొక్కుత."

"అబద్ధం నాతోని గాదు బిడ్డా," అంది సాలమ్మ.

బుధవారం సభ నిండింది. మౌలాలి నుంచి వచ్చిన బిక్షపతి ఫ్లెక్సీ చదివి వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు గానీ, పూజ ఆయన చొక్కా పట్టుకుని లాక్కొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. సాలమ్మకు శాలువా పడింది. మీరు ఏ స్థానంలో ఆడేవారని వైస్ ఛాన్సలర్ మైకు అందించాడు.

"నేను ఆడలే సారూ. ఊడ్చిన. ఇరవై నాలుగేండ్ల సంది గీ కోర్టు ఊడుస్తున్న. పేరు రాసుకున్నరు, గంతే."

వైస్ ఛాన్సలర్ ట్రంకుపెట్టెలోని లిస్టు ఒకటి తెప్పించుకుని చూశాడు. "ఈ సంతకం ఎవరిది?"

రాఘవేంద్రకు ఇరవై ఏళ్ళ సంతకాలూ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి. మైకు లాక్కున్నాడు. "ఆడింది సార్! పెద్దామె, మరిచిపోయింది!"

"ఆడలే అంటున్న గద సారూ."

"ఆడినావమ్మా! ఎట్లా ఎగురుతాంటివి! నేను కళ్ళారా చూసినా! నవనీతా, నువ్వన్నా చెప్పమ్మా!"

నవనీత లేచి నిలబడింది. "రికార్డుల ఉన్నది గద సార్, ఆడే ఉంటది. గీ కోర్టు మీదనే ఆడింది. మరి మీరు గిది పగలగొడితె, ఆడిందా లేదా అని రేపు మేం అడుగుతం. ధర్నా చేస్తం. కమిటీ వెయ్యమంటం. కమిటీ వస్తె లిస్టులన్ని బయటికొస్తయి. మీ ఇష్టం."

రాఘవేంద్ర రుమాలుతో మెడ తుడుచుకుని, ఇంత చరిత్ర ఉన్న కోర్టులో ఒక్క ఇటుక కూడా కదలనివ్వనని ప్రకటించాడు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది బిక్షపతి. శంకుస్థాపన రాయి వచ్చిన ట్రాలీలోనే వెనక్కి పోయింది.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సాలమ్మ యూనివర్సిటీ క్రీడాకారిణి కనుక ఆమెతో చీపురు పట్టించరాదు, మైదానం పర్యవేక్షణకు కుర్చీ వేయవలెను. ఆమె స్థానంలో ఇంకో మనిషిని వేసే ఫైలు నడుస్తోంది. అందాకా కోర్టు నవనీత ఊడుస్తోంది.