కొబ్బరికాయంత అక్షరం

ముసలి మొయేలాంగి పొద్దున్నే టారో దుంపలు ఉడకబెట్టి పెట్టి, ద్వీప రాజధాని అపియా నుంచి మనవరాలు పంపిన ట్యాబ్లెట్ చంకన పెట్టుకుని ఊరి మహిళా సంఘానికి బయలుదేరింది. చూపు మసకబారినప్పటి నుంచి సాయంకాల ప్రార్థనలో వాక్యం చదివే పని తమ్ముడు ఫిలిపోది అయిపోయింది. వాడు చదివితే వెనక ఎవరో తరుముతున్నట్టుంటుంది. అది ఆమెకు కడుపుమంట.

సంఘంలో ముసలివాళ్లకు ట్యాబ్లెట్ నేర్పే అసెనాతి, మూడు వేళ్లతో రెండుసార్లు తడితే అక్షరాలు పెద్దవవుతాయని, తట్టి పైకి జరిపితే ఇంకా పెరుగుతాయని విసుక్కోకుండా మధ్యాహ్నం దాకా చూపించింది.

"ఈ ఒక్క పూట నువ్వే చదువు, చూద్దాం అక్కా. కుదరకపోతే మళ్లీ అడక్కూడదు" అన్నాడు ఫిలిపో.

సాయంత్రం ప్రార్థన శంఖం ఊదారు. ఊరంతా ఇళ్లలో చేరి తలలు వంచింది. మొయేలాంగి కంగారులో తట్టి గట్టిగా జరిపింది. తెర నిండా ఒకే ఒక్క అక్షరం, కొబ్బరికాయంత. ఓడిపోయానని ఒప్పుకునే మనిషి కాదు గనక ఒక్కో అక్షరమే జరుపుకుంటూ, కూడబలుక్కుని చదవసాగింది. ప్రార్థన మధ్యలో ఎవరూ లేవకూడదు. ముగింపు శంఖం మోగింది, పక్కిళ్లలో భోజనాలు కూడా అయ్యాయి, ఇక్కడ రెండో వాక్యమే పూర్తికాలేదు. ఫిలిపో స్తంభానికి జారగిలబడి నిద్రపోయాడు.

గోడల్లేని ఇల్లు. పక్కింటి పెనినాకు కనిపించిందల్లా వాలిపోయిన ఫిలిపో, వంచిన తలలు, ఆగని ప్రార్థన. కళ్లు తుడుచుకుంటూ, చావింటికి ఇచ్చే మేలిచాప పెట్టెలోంచి తీసుకుని బయలుదేరింది. ఆమెను చూసి ఇంకొకరు బిస్కెట్ డబ్బాతో, వాళ్లను చూసి పాస్టరుగారు. ప్రార్థనకు అడ్డురాకూడదని అందరూ అంచున మౌనంగా కూర్చున్నారు. ఇంతమంది తన చదువు వినడానికే వచ్చారనుకున్న మొయేలాంగి ఉప్పొంగిపోయి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.

చివరికి, వచ్చినవాళ్లలో ఉన్న అసెనాతి మెల్లగా దగ్గరికి జరిగి తెరను సరిచేసింది. అక్షరాలు దారికొచ్చాయి. మొయేలాంగి గొంతు తీరిగ్గా, నిండుగా సాగింది. పెనినా మళ్లీ ఏడ్చింది, ఈసారి వాక్యానికి.

"ఆమెన్" అంటూ ఫిలిపో లేచి కూర్చున్నాడు. పెనినా చేతిలో చాప జారిపోయింది.

"ఎవరు పోయారు?" అన్నాడు ఫిలిపో.

"నువ్వే" అంది పెనినా.

ఫిలిపో ఆ చాపనూ, బిస్కెట్ డబ్బానూ, ఆ మొహాలనూ వరసగా చూశాడు. తనకు ఇంతమంది ఉన్నారని బతికుండగా తెలుసుకునే భాగ్యం ఎందరికి దక్కుతుంది?

"రేపట్నించి వాక్యం నీదే అక్కా" అన్నాడు. మొయేలాంగి అసెనాతి చేతిని చెంపకు ఆనించుకుంది.

వచ్చినవాళ్లందరికీ ఫిలిపో స్వయంగా టీ పోశాడు. రానివాళ్లెవరో మాత్రం మనసులో గుర్తుపెట్టుకున్నాడు.